మాల్‌లో అమ్మ తప్పిపోయిన ఆదివారం

ఆదివారం వస్తే నేనూ అమ్మా మా పేట తాకేటాలో బస్సెక్కి ఊరి మధ్య లమ్మడా వైపున్న పెద్ద మాల్‌కి వెళ్తాం. కొనేదేమీ ఉండదు. ఇంట్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం, అక్కడైతే జనరేటరు పుణ్యమా అని ఏసీ ఆగదు. సగం ఊరు ఆ చల్లగాలి కోసమే అక్కడ షికారు చేస్తుంది. బట్టల కొట్ల ముందు నిలబడి ధరలు చూసి నవ్వుకుంటాం. పై అంతస్తులో తినేచోట ఒక గిన్నెడు మొహింగా కొని, ఆ చేపల పులుసునీ సేమ్యానీ ఇద్దరం పంచుకుంటాం. ఫోను ఛార్జింగు పెట్టి సాయంత్రం దాకా కదలం.

అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ మధ్య మతిమరుపు ముదిరింది. ముందుగా పోయింది బర్మీసు. జీవితమంతా బజారులో గడగడా బేరాలాడిన భాష, ఇప్పుడు ఒక్క ముక్క రాదు. తాతల కాలంలో మావాళ్లు బర్మాకి వెంట తెచ్చుకున్న తెలుగొక్కటే మిగిలింది.

ఆ రోజు ఎస్కలేటరులో పై అంతస్తుకెళ్లి, మొహింగా గిన్నె ముందు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాక చూస్తే ఆవిడ కాళ్లకి చెప్పుల్లేవు.

"సెప్పులేవే అమ్మా?"

"కిందిడిసీసినాను. ఇంత సుబ్బరమైన నేల మీద సెప్పుల్తో నడుస్తారేటి?"

పగోడాకి వెళ్లినట్టు గుమ్మంలోనే విడిచి వచ్చిందన్నమాట. నాకు ఒళ్లు మండింది. "నిన్ను తీసుకొచ్చినాను సూడు, నాది బుద్ది తక్కువ. కదిలితే ఊరుకోను" అని అమ్మ చెవి దగ్గర కసిరి కిందికి పరిగెత్తాను. చెప్పులు సెంటు కొట్టు పక్కన బుద్ధిగా జంటగా ఉన్నాయి. అవి పట్టుకుని తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. మొహింగా గిన్నె అలాగే ఉంది.

మరుగుదొడ్లు వెతికాను. ప్రతి అంతస్తూ చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగాను. గేటు దాటిందంటే బయట కార్లు, రోడ్డు మీద సైనికుల తనిఖీలు. ఎవరైనా ఆపి అడిగితే జవాబు చెప్పే భాష ఆవిడ దగ్గర లేదు. నేను కసరకపోతే కదిలేది కాదేమో.

కింద సమాచారం చెప్పే కౌంటరులో అమ్మాయి పేరడిగింది. రిజిస్ట్రేషన్ కార్డు మీదున్న పేరు చెప్పాను. ఆ అమ్మాయి దానికి మర్యాదగా 'దో' తగిలించి బర్మీసులో మూడుసార్లు మైకులో పిలిచింది. ఎవరూ రాలేదు. అప్పుడు గానీ నా బుర్ర పనిచేయలేదు. అది కాగితాల కోసం పెట్టుకున్న బర్మా పేరు. ఇంట్లో ఆ పేరుతో ఆవిడని ఎవరూ ఏనాడూ పిలవలేదు. మాకందరికీ అలా రెండేసి పేర్లు. ఆఫీసులో అడిగినట్టే అడిగేసరికి అలవాటుగా కార్డు పేరు చెప్పేశాను. తల బాదుకున్నాను.

"నేను పిలుస్తాను" అని మైకు అందుకున్నాను. చుట్టూ ఉన్న జనాన్ని ఒకసారి చూశాను. బయట తెలుగు మాట్లాడితే 'కలా' అంటారనీ, ఇండియా మనుషుల్ని అనే ఆ మాటలో ఎంత చులకన ఉంటుందో కూడా చిన్నప్పుడే తెలుసు నాకు. యాభై ఏళ్లుగా బయట గొంతెత్తి తెలుగు మాట్లాడలేదు, అమ్మతోనైనా గుసగుసగానే.

"అమ్మా! నానే. కింద గేటు కాడున్నాను. రామ్మా."

నా గొంతు అన్ని అంతస్తుల్లోనూ మోగింది. కొట్లలో అమ్మాయిలు తలలెత్తి చూశారు. ఎవరో నవ్వారు. చెవులు కాలిపోయినా మళ్లీ పిలిచాను. మూడోసారికి ఏడుపు ఆగలేదు.

లిఫ్టు తలుపు తెరుచుకుని అమ్మ వచ్చింది. వట్టి కాళ్లతో, కంగారుగా, అటూ ఇటూ చూసుకుంటూ. నా ప్రాణం లేచొచ్చింది. ఎదురెళ్లి చెప్పులు కాళ్ల ముందు పెట్టాను. ఆవిడ వాటికేసి చూడలేదు. నా మొహంలోకి చూసి చేతులు జోడించింది.

"మీరు మనోలేనా అమ్మా? తెలుగు ఇనిపించి వొచ్చినాను. మా గుంట తప్పిపోనాది. ఏడేల్లది. బస్సులో నాను మన మాట మాటాడితే సిగ్గుతో నా సెయ్యి గిల్లీస్తాది. నాను పిలిస్తే పలకదు. మీరు పిలవండమ్మా, మీకు దండవెడతాను."

"పేరేటి?" అని అడిగాను.

నా పేరు చెప్పింది.