గుల్ల సున్నం

మా చెల్లెలు ప్రతి డిసెంబరులోనూ చెప్పే కథ ఒకటుంది. మొన్న ఇంటికి సున్నం వేయించడానికి కాగులో కాల్చిన గుల్ల పోసి నీళ్ళు కుమ్మరించామో లేదో, అది బుస్సుమని పొగలు కక్కుతుంటే పిల్లలందరినీ చుట్టూ కూచోబెట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. "మా నాయనమ్మకి చూపానక, ఓ క్రిస్మస్‌కి పోయిన మా చిన్నన్నయ్యదనుకుని ఎవరి సమాధికో సున్నం వేయించేసిందర్రా!" పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ పొద్దు అక్కడున్నది నేను. మా చెల్లెలు అప్పటికి పుట్టనేలేదు. పైగా నాయనమ్మకు చూపానకపోవడమేమిటి? దీపాలు పెట్టేవేళ గడప మీద కూచుని, ఎదుటివాళ్ళతో పోట్లాడుతూనే చిరిగిన వల బాగుచేసిన మనిషి ఆమె. మదరాసులో కాలేజీ చదువు చదివినందుకు నాకు అబ్బింది ఒక్కటే, సాక్ష్యం లేని మాట వింటే ఊరుకోలేను. మదరాసు వెళ్ళకముందు మాత్రం ఊరుకున్నావా అంటారు మావాళ్ళు. అది వేరే సంగతి.

అప్పటికి పంతొమ్మిదో శతాబ్దం ఇంకా కొన్నేళ్ళు మిగిలి ఉంది. మాది ఉప్పాడ దాపున, సముద్రం హోరు వంటింట్లోకి వినపడే ఇల్లు. నాన్న మిషను బడిలో పంతులు. నాయనమ్మ నాన్నకు తల్లి; కొడుక్కి జీతం వచ్చేదాకా చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగింది. కొడుకుతోపాటు బాప్తిస్మం తీసుకుంది గానీ నాలుకకు ఇప్పించలేదు. చేప లేనిదే ముద్ద దిగేది కాదు. ఆదివారం గుళ్ళో అందరూ కళ్ళు మూసుకుని ఉంటే, గాలి వాసన చూసి "ఇయ్యాల నెత్తళ్ళు పడ్డాయి" అని పైకే అనేసేది. నాన్న తల వంచుకునేవాడు, ప్రార్థనకో సిగ్గుకో తెలిసేది కాదు. మా ఇంట్లో క్రిస్మస్ మొదలయ్యేది ఎర్ర కాగితం నక్షత్రంతోనూ కాదు, అరిసెలతోనూ కాదు. డిసెంబరు మొదటి శనివారం సున్నంతో. మేం ఒడ్డున ఏరిన గుల్లలనే కాల్చి సున్నం చేసేవారు. అయితే మొదటి కుంచె ఇంటి గోడకు పడకూడదు. అది మా తమ్ముడికి. రెండేళ్ళవాడు, జ్వరం తీసుకుపోయింది. సమాధుల తోటలో సముద్రం వైపు చివరి వరస వాడిది. వాడు అన్నం తింటూ పగలగొట్టిన పింగాణీ పళ్ళెంలోంచి అమ్మ ఒక నీలం ముక్క తీసి సమాధికి తలవైపు అద్దింది, గుర్తుకు. ఏటా అమ్మే మమ్మల్ని వెంటేసుకుని వెళ్ళి, ఒక కీర్తన పాడి, సున్నం వేసి వచ్చేది. "వాడిది తెల్లబడ్డాకే మనది" అనేది.

ఆ ఏడు అమ్మకు నెలలు నిండాయి. కిందటి కాన్పు ఏడో నెలలోనే పోయింది కాబట్టి మంత్రసాని గట్టిగా చెప్పింది, గుండె అదిరే మాట ఏదీ చెవిన పడకూడదని. కార్తీకంలో పెద్ద గాలివాన వచ్చి వెళ్ళింది. అది తగ్గగానే నాన్న ఒక్కడే సమాధుల తోటకు వెళ్ళి వచ్చి, నూతి దగ్గర నాయనమ్మతో ఏదో మెల్లగా చెప్పడం నేను చూశాను. అబద్ధమాడితే అరచెయ్యి వాచేలా కొట్టే నాన్న, ఆ శనివారం పొద్దున్నే పిల్లలకు పాటలు నేర్పాలంటూ బడికి వెళ్ళిపోయాడు. బకెట్టు నాయనమ్మ పట్టుకుంది. పదకొండేళ్ళ అన్నయ్య, ఎనిమిదేళ్ళ నేను వెనకాల.

తోటకు కంచె లేదు. చివరి రెండు వరసలు లేవు. కత్తితో కోసినట్టు ఇసక తెగి ఉంది, తాటివేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. కింద సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. నాయనమ్మ అడుగు తడబడలేదు. తిన్నగా లోపలి వరసలో, గడ్డి మొలిచిన ఒక చిన్న సమాధి దగ్గర బకెట్టు దింపింది.

"ఇదే. ఎయ్యండి."

"ఇది తమ్ముడిది కాదు. నీలం ముక్క లేదు" అన్నాను.

"ఇసకలో దిగుంటాది."

"తమ్ముడిది చివరి వరస."

"ఓసి నా ప్లీడరూ! సున్నం ఎండిపోతాంది, కుంచె పట్టు."

"నాయనమ్మా, చివరి వరస ఏదీ?" అన్నాడు అన్నయ్య. పుట్టింది మొదలు సముద్రాన్ని చూస్తూ బతికిన మనిషి, అప్పుడు దానికి వీపు పెట్టి నించుంది. "ఇంటికాడ మీ అమ్మ అడుగుతాది. ఎయ్యకుండా ఏశాం అంటే అబద్దం. అందుకే ఏసి సెప్పండి" అంది. మేం వేశాం. కీర్తన సగంలో అన్నయ్య ఆగిపోయాడు, నేనూ ఆగిపోయాను. మిగతా సగం నాయనమ్మ ఒక్కతే, రాగం లేకుండా పాడింది. ఒక్కో అల విరిగినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి నీలంగా ఏమైనా కనిపిస్తుందా అని చూశాను. సముద్రమంతా నీలమేనని నాకు తట్టలేదు.

అమ్మ వసారాలో మంచం మీద ఉంది. "వేశారా?" అంది. వేశాం అన్నాం. "నీలం ముక్క కడిగారా?" అడిగింది నన్ను, చూసింది నాయనమ్మ వైపు. "కడిగామమ్మా" అన్నాను. అమ్మ నా చెయ్యి తీసుకుని, ఎండిన సున్నాన్ని కొంగుతో చాలాసేపు తుడిచింది. "సరే. ఇక ఇంటికి వెయ్యండి" అంది. ఆ మధ్యాహ్నం చేపల పులుసు. నాయనమ్మ పక్కకు నెట్టేసి మజ్జిగ పోసుకుంది. ఆ పూట మొదలు పోయేదాకా మళ్ళీ చేప ముట్టలేదు. పళ్ళు ఊడాయన్నారు, భక్తి ముదిరిందన్నారు. ఆ నీళ్ళలోంచి వచ్చినదేదీ ఆమెకు మింగుడుపడలేదని నాకు తెలుసు. నేను మాత్రం తిన్నాను. పిల్లని, ఆకలేసింది. ఆ ముద్ద ఇంకా గొంతులోనే ఉంది.

పది రోజులకు మా చెల్లెలు క్షేమంగా పుట్టింది. నేను ఎవరికీ చెప్పలేదు, అన్నయ్యా చెప్పలేదు, నాయనమ్మ, నాన్న సరేసరి. మరి మొన్న పిల్లలు లేచిపోయాక, "ఈ చూపానని కథ నీకెవరు చెప్పారే?" అని చెల్లెల్ని నిలదీశాను. "అమ్మే. నవ్వుతూ చెప్పేది" అంది. నా చేతిలో సున్నం కలిపే కర్ర కాగులోనే ఆగిపోయింది. అమ్మకు తెలుసు. ఎప్పటినించి? గాలివాన తరవాత కూడా రోజూ మా వాకిట్లో చేపల తట్టలు దింపిన ఆడవాళ్ళు నోరు మూసుకుని ఉంటారా? అమ్మ కూడా చేప వండేది, మాకు ముళ్ళు తీసి పెట్టేది, తను పచ్చడితో తినేది. అత్తగారు తినడం లేదని మానేసిందనుకున్నాం. ముప్పై, నలభై డిసెంబర్లు ఒకదాని మీద ఒకటి పొరలుగా పడ్డాయి, ఎంత గోకినా అడుగు పొర తేలడం లేదు. చెప్పగలిగిన వాళ్ళు, అమ్మా నాన్నా నాయనమ్మా, ముగ్గురూ పోయారు. అమ్మ కంచంలో నేను చేప ముక్క ఆఖరుసారి చూసింది ఆ శనివారానికి ముందా, తరవాతా?