గుప్పిట్లో మెమరీ కార్డు

ధర్మవరం స్టేషన్ రోడ్డులో ఫోన్లు బాగుచేసే ఎర్రిస్వామికి ఒక అలవాటుంది. పనిచేయని ఫోన్ చేతికి రాగానే పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపి, మెమరీ కార్డు ఊడదీసి, తెచ్చినవాళ్ల అరచేతిలో పెడతాడు. తర్వాత ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తాడు. ఆరేళ్లుగా ఈ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు.

2009లో ఒకరోజు నేతగాడి భార్య ఉలిగమ్మ ఆన్ కాని ఫోన్ తెచ్చింది. తయారుచేసిన కంపెనీయే సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుని ఆ ఏడాదే విడుదల చేసిన రకం అది. “మా ఆయప్ప ఆఖరున నేసిన చీర ఫోటో ఉండాదప్పా దీంట్లో. చీర షావుకారికి పాయ, ఆయప్ప మట్టిలో కలిసిపాయ” అంది.

“ఫోటోలన్నీ కార్డులోనే ఉంటాయక్కా, గట్టిగా పట్టుకో” అని కార్డు ఆమె చేతిలో పెట్టి, ఎర్రిస్వామి ఎప్పటిలాగే అంతా చెరిపేశాడు. ఫోన్ వెలిగింది. సెట్టింగ్స్ తెరిచి చూశాక తెలిసింది, ఈ కొత్త సిస్టమ్ ఫోటోలను కార్డులో పెట్టదు, ఫోన్‌లోనే దాచుకుంటుంది. శుభ్రంగా ఉన్న ఫోన్‌నే బ్రష్‌తో మళ్లీ మళ్లీ తుడుస్తూ కూర్చున్నాడు.

“బతికిందా అప్పా?” అంటూ ఉలిగమ్మ వెలిగే తెర చూసి నవ్వింది. ఖాళీ కార్డును గుప్పిట్లో ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది.