పికప్ మాస్టారి రెండో కూతురు

గవర్నర్‌పేటలో ఒక చెప్పుల హోల్‌సేల్ దుకాణం ఉంది. దాని పైగదిలో రామకోటేశ్వరరావు స్పోకెన్ ఇంగ్లీషు నేర్పుతాడు. ఆయన పేరు పొడుగు ఎక్కువై ఫ్లెక్సీలో పట్టలేదు, చివరి రెండక్షరాలు గోడ చాటుకి పోయాయి. పట్టినా ఒరిగేదేమీ లేదు, ఊళ్ళో అందరూ ఆయన్ని పికప్ మాస్టారనే అంటారు. చాటునే కాదు, ఎదురుగానే అంటారు. ఆయనా పలుకుతాడు.

ఆ పేరు రావడానికి కారణం ఆయన డెమో క్లాసు. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు ఒక పాఠం ఉచితంగా చెప్పాలి. నచ్చినవాళ్ళు చేరతారు, నచ్చనివాళ్ళు కాసేపు ఫ్యాను కింద కూర్చుని పోతారు. విజయవాడలో ఏ కోచింగ్‌కైనా ఇదే పద్ధతి. రామకోటేశ్వరరావు డెమోలో చెప్పేది ఎప్పుడూ ఒకటే, పిక్ అప్.

"ఇంగ్లీషు రాదని ఎవరండీ అన్నది మిమ్మల్ని? పొద్దున లేచిన కాణ్ణించీ మాట్లాడేది ఇంగ్లీషేగా! బండికి పికప్ లేదంటారు. బేరాలు పికప్ అవలేదంటారు. బస్టాండుకొచ్చి పికప్ చేసుకోమంటారు. ఈ ఒక్కటి పట్టుకుంటే సగం సంసారం నడిచిపోద్దండీ!"

మందుల దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ళు, మంగళగిరి నుంచి చీరల కొట్టుకి వచ్చే అమ్మాయిలు అందరూ పడీపడీ నవ్వుతారు. ఆ ఊపులో చేరిపోతారు. రెండో పాఠం నుంచి మాస్టారి ఇంగ్లీషుకే పికప్ తగ్గుతుందని చేరాక గానీ తెలియదు. ఈ సంగతి అందరికన్నా ముందు తెలిసినవాడు మాస్టారే. అద్దం ముందు తల దువ్వుకుంటూ, "ఒక్క మాటతో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చావంటే నువ్వు మామూలోడివి కాదయ్యా" అని తనకి తనే చెప్పుకుంటాడు.

పాఠానికి ఉదాహరణలు కావాలి కదా. పుస్తకంలోవి ఆయనకి రుచించవు. ఇంట్లోవి చెబుదామంటే భార్య కనకలక్ష్మిని బోర్డు ఎక్కించే ధైర్యం లేదు. మిగిలింది ఒక్కగానొక్క కూతురు చిన్ని. పిల్ల వానలో తడిసి జ్వరం తెచ్చుకుంటే బోర్డు మీద చిన్ని పిక్డ్ అప్ ఫీవర్. కింద పడ్డ జంతిక తీసుకుని తింటే అదో పిక్ అప్. పక్కింటి పిల్లతో తగువు పెట్టుకుంటే ఇంకో పిక్ అప్. లెక్కల్లో వెనకబడి పుంజుకుంటే ఆ వారమంతా అదే పాఠం. పిల్ల పెరిగేకొద్దీ పాఠమూ పెరిగింది. గుండెల మీద పెట్టుకుని పెంచిన పిల్ల గురించి నలుగురికీ చెప్పుకోవడం ముచ్చట అనుకున్నాడే తప్ప, పిల్లకి ఎలా ఉంటుందోనన్న ఆలోచన ఆయన బుర్రకి తట్టనే లేదు.

చిన్ని ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా ఎవరో ఆయన డెమోని ఫోనులో తీసి రీల్ చేసి వదిలారు. అందులో మాస్టారు చేతులు రెండూ పైకెత్తి, "మా చిన్నికి ఒక సబ్జెక్టు పోయిందండీ! అయినా షీ విల్ పిక్ అప్!" అని అరుస్తున్నాడు. ఎదురుగా జనం చప్పట్లు. ఊరంతా తిరిగిన రీలు కాలేజీకి రాకుండా ఉంటుందా? వచ్చింది.

ఆ సాయంత్రం చిన్ని బ్యాగు సోఫాలో పడేసి తండ్రి ముందు నిలబడింది.

"ఈ సారు మీ నాన్నేనా అని అడిగారు నాన్నా, క్యాంటీన్‌లో."

"మరి చెప్పావా?" అన్నాడు ఆయన, కాస్త గర్వంగానే.

"కాదన్నాను. ఎవరో నాకు తెలీదన్నాను." అంది చిన్ని. "నన్ను నీ బోర్డు మీంచి దించెయ్ నాన్నా. నీకు దణ్ణం పెడతాను."

రామకోటేశ్వరరావుకి ఏదో ఒక హాస్యం ఆడి తప్పుకునే అలవాటుంది. ఆ రోజు ఆ అలవాటు పనిచెయ్యలేదు. పికప్ మాస్టారని ఎవరన్నా ఆయనకి చీమ కుట్టినట్టు ఉండదు. కానీ కన్నకూతురు ఎవరో తెలీదని అనడం ఆయన్ని నిలువునా కోసింది. సరేనమ్మా అన్నాడు. ఆ తర్వాత చిన్ని ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. కాలేజీ బస్సు ఆలస్యమైన రోజు ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు, తల్లికి మెసేజ్ పెట్టింది. మళ్ళీ ఎప్పటికైనా ఈ పిల్ల నలుగురిలో నన్ను నాన్నా అంటుందా అన్నదే ఆయన బెంగ.

మాట ఇచ్చాడు గనక తర్వాతి డెమోలో పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. రాము బంతిని తీశాడు. సీత పువ్వును తీసింది. క్లాసులో ఆవలింతలు మొదలయ్యాయి. మొదటి వరసలో ఉన్న జహీదాకి గాజుల కొట్టు ఉంది. డెమో ఉచితం గనక ప్రతిసారీ వస్తుంది. ఆవిడ చెయ్యెత్తింది.

"ఈ సీత ఎవరండీ మధ్యలో? మన చిన్ని ఎలా ఉంది? ఆ సబ్జెక్టు రాసిందా?"

మాస్టారు పుస్తకం మూసేశాడు. కంగారులో నోట్లోంచి ఒక మాట జారింది. "చిన్ని సంగతి వదిలేయండి. ఇవాళ నా రెండో కూతురి గురించి చెబుతాను."

"పేరేంటి సార్?" అన్నారు వెనక నుంచి.

పొద్దున మెట్లెక్కుతూ ఆడవాళ్ళ చెప్పుల పెట్టెల మీద చూసిన పేరు నోటికొచ్చింది. "జెస్సికా" అన్నాడు. అన్నాక తనకే నవ్వొచ్చింది. రామకోటేశ్వరరావు కూతురు జెస్సికా! ఇంగ్లీషు మీద ప్రేమ కొద్దీ పెట్టుకున్నానని ఒక మాట అతికించాడు. జనం నమ్మారు. జనం ఏదైనా నమ్ముతారనడానికి తన క్లాసే సాక్ష్యం అనుకున్నాడు.

జెస్సికా బంగారం. నాన్న ఫోన్ చేస్తే మొదటి రింగుకే పిక్ అప్ చేస్తుంది. ఎవరితోనూ తగువు పెట్టుకోదు. ఏ భాషైనా విన్నది విన్నట్టు పట్టేస్తుంది. డెమోలు మళ్ళీ కళకళలాడాయి. మళ్ళీ రీల్స్ వచ్చాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన పప్పులో నెయ్యి వేసుకుంటుంటే కనకలక్ష్మి గరిటెతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, గన్నవరం నుంచి మీ అక్కయ్యగారు ఫోన్ చేశారు. మీకు జెస్సికా అని రెండో కూతురుందంటగా. ఆవిడ ఎక్కడ పెరుగుతోందో, వాళ్ళమ్మగారెవరో సెలవిస్తారా?"

ఆ గరిటె పట్టుకున్న తీరు చూసి మాస్టారు కంచం కాస్త వెనక్కి జరుపుకున్నాడు. చెప్పుల పెట్టె దగ్గర్నుంచి మొత్తం చెప్పాడు. విని కనకలక్ష్మి తల కొట్టుకుంది. గదిలోంచి అంతా విన్న చిన్ని గుమ్మంలోకి వచ్చింది.

"జెస్సికా మొదటి రింగుకే ఫోన్ ఎత్తుద్దంటగా?"

"లేని పిల్ల కాబట్టి ఎత్తుద్దమ్మా."

నవ్వించడానికి అన్న మాట కాదు. ఎవరూ నవ్వలేదు.

"అయితే నాకన్నా బాగుందా?"

"ఏం బాగు? ఏం చెప్పినా తల ఊపుద్ది. ఒక్కసారి ఎదురు మాట్లాడదు, ఒక్కసారి అలగదు. దాంతో నాకు ఒక్క పూట కూడా తోచట్లేదే."

చిన్ని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వేసుకోలేదు.

తర్వాతి డెమోకి గది నిండిపోయింది. ఫోన్లు అప్పుడే పైకి లేచి ఉన్నాయి. మార్కర్ పట్టుకుని తిరిగి చూసిన మాస్టారికి చివరి బెంచీలో, చున్నీ సర్దుకుంటూ కూర్చున్న చిన్ని కనిపించింది. మొదలుపెట్టబోయిన వాక్యం మరిచిపోయాడు.

"సార్, జెస్సికా గురించి చెప్పండి సార్!" అని అరిచాడు మందుల దుకాణం డేనియల్.

మాస్టారు మార్కర్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వెనక బెంచీ కిర్రుమంది.

"జెస్సికా అని ఎవరూ లేరండి" అంది చిన్ని లేచి. "ఆయనకున్నది ఒక్కత్తే కూతురు. నేనే. ఆ సబ్జెక్టు పోయింది కూడా నాకే."

ఫోన్లన్నీ అటు తిరిగాయి. చిన్ని మొహం దాచుకోలేదు. డేనియల్ ఇంకా అర్థం కానట్టు, "అంటే సారు మీకు..." అన్నాడు.

"మా నాన్న" అంది చిన్ని.

మాస్టారు ఏదో రాయబోతున్నవాడిలా బోర్డు వైపు తిరిగాడు. ఏం రాస్తాడా అని క్లాసంతా ఎదురు చూస్తోంది. ఆయన మాత్రం మళ్ళీ ఇటు తిరగలేక, మూత తీయని మార్కర్‌తో బోర్డు మీద అలా గీస్తూనే ఉన్నాడు.