వసలోకి కొన్న తేనె

మా పరమేశ్వరి వదిన దగ్గర కల్తీ సరుకు ఆటలు సాగవు. కందిపప్పు అరచేతిలో వేసుకుని ఒకసారి రుద్దిందంటే రంగు వేశారో లేదో చెప్పేస్తుంది. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపి తెచ్చిన ఏజెంటుని వాటితోనే చారు పెట్టుకు తాగమని పంపేసింది. పూర్తి పేరు కన్యకాపరమేశ్వరి. పుట్టిల్లు మైలవరం, అక్కడా కిరాణా వ్యాపారమే. మా అన్నయ్య వెంకటకృష్ణారావుని చేసుకుని జగ్గయ్యపేట వచ్చాక మధ్యాహ్నాలు కొట్లో గల్లా దగ్గర తనే కూర్చునేది. అన్నయ్య మెతక మనిషి కావడంతో, అప్పులు అడిగేవాళ్ళు ఆవిడ లేని వేళ చూసుకుని వచ్చేవారు.

అలాంటి మనిషి ఒక తేనె విషయంలో చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, కడుపూ తరుక్కుపోతుంది.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి వాళ్ళకి లక్ష్మీప్రసన్న పుట్టింది. బొద్దుగా, చురుగ్గా, ఎవరు నవ్వినా తిరిగి నవ్వే పిల్ల. రెండో పుట్టినరోజు కూడా దాటిపోయింది కానీ నోట్లోంచి 'అమ్మ' అన్న మాట రాలేదు. ఎదురింటి పాప దీనికంటే చిన్నది, పాలవాణ్ణి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. వదిన ఆ ఇంటి వైపు కిటికీ మూసేసి, దోమలొస్తున్నాయని చెప్పింది.

మాట ఆలస్యమైతే మన ఇళ్ళలో చేసే పని ఒకటే. వసకొమ్ము సాన మీద అరగదీసి, తేనెలో రంగరించి, పొద్దున్నే పిల్ల నాలిక్కి రాయడం. మా అన్నయ్యకీ నాకూ కూడా మా అమ్మ అలాగే రాసింది. నేను ఇంత వాగుడుకాయనవడానికి అదే కారణమని మా ఆయన ఇప్పటికీ అంటారు. వదిన శ్రద్ధగా రాసింది, మొక్కులు మొక్కింది, నెలల తరబడి ఎదురు చూసింది. పిల్ల చప్పరించి నవ్వేది తప్ప మాట్లాడలేదు.

వస పనిచేయకపోవడం మా ఇళ్ళలో ఎవరూ వినలేదు. కనుక వదిన లెక్క ప్రకారం తేనెలోనే ఏదో ఉంది.

"మన కొట్లోది పంచదార పాకం వాసీ. కంపెనీవాళ్ళు ఏం కలుపుతున్నారో ఎవరికి తెలుసు?" అంది నాతో. నా పేరు వాసవి, ఆవిడ అలా కుదించేసింది. కొన్నాళ్ళు అడవి నుంచి తేనెపట్టు తెచ్చేవాళ్ళ చేత కళ్ళెదుటే పిండించుకుంది. అదీ పనిచేయలేదు. అప్పుడు నేను కాపురముండే నందిగామలో ఆరోగ్య ఉత్పత్తులు ఇంటింటికీ తిరిగి అమ్మే ప్రేమదాసు సంగతి ఎవరో చెప్పారు. అతని సంచిలో విదేశీ తేనె ఉంటుందట, మందు తేనె. ఆ దేశాల ఆసుపత్రుల్లో పుండ్లకి కూడా వాడతారట. గుప్పెడంత సీసా. మూత మీద సీలు, దాని మీద ఒక నంబరు. ధర మా కొట్లో గుమాస్తా నెల జీతం.

మా ఇంట్లోనే బేరం జరిగింది. వదిన సీసా దీపం ముందు పెట్టి చూసింది, వాసన చూసింది, చిటికెన వేలితో రుచి చూసింది.

"కొంచెం చేదుగా ఉందేమండీ?"

"అదే అసలు తేనెకి గుర్తండి."

"దీంతో పిల్లకి మాటలొస్తాయా?"

ప్రేమదాసు ఇబ్బందిగా నవ్వాడు. "దగ్గుకి, గొంతుకి బాగా పనిచేస్తుందండి. మాటల సంగతి నేను చెప్పలేనండి."

నేను వద్దన్నాను. పక్కింటి పిల్లలకి దగ్గొస్తే మామూలు తేనెతోనే తగ్గడం చూశాను కదా. వదిన వినలేదు. మంచి సరుక్కి మంచి ధర ఉంటుందని, అదే వ్యాపారమని నాకే పాఠం చెప్పి కొనేసింది.

వదిన వచ్చినప్పుడే పిల్లకి జలుబు చేస్తే నందిగామలో పిల్లల డాక్టరు జగన్నాథరావుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పిల్ల వెనక్కి వెళ్ళి చిటికె వేశారు. మళ్ళీ వేశారు. వదిన సంచిలోంచి సీసా తీసి చూపించింది.

"ఖరీదు చూసి తేనె పనిచేయదమ్మా. దగ్గొస్తే గొంతుకి హాయిగా ఉంటుంది. ఆ మాటకొస్తే మీ కొట్లో తేనైనా అంతే. మాటలు రావాలంటే ముందు వినపడాలి కదా? విజయవాడలో చెవుల పరీక్ష చేయించండి. ఇప్పుడైతే చెవికి మిషన్ పెట్టి మాట నేర్పించొచ్చు. ఆలస్యం అయ్యేకొద్దీ కష్టం."

"మా పిల్లకి బ్రహ్మాండంగా వినపడుతుందండీ. వాళ్ళ నాన్న గుమ్మంలో అడుగు పెడితే చాలు, తిరిగి చూస్తుంది."

బయటికొచ్చాక ఆయన్ని నానా తిట్లూ తిట్టింది. నేను ఎంత పోరినా లాభం లేకపోయింది. "సీసా మొదలుపెట్టా కదా, అయిపోనీ" అంది. అది అయిపోయాక, గుణం కనిపించడానికి రెండోదీ వాడాలంది. రెండో సీసా అయిపోయేలోపు నాకు మూడుసార్లు ఫోన్ చేసి, పిల్ల 'అమ్మ' అన్నట్టే అనిపించిందని చెప్పింది. ప్రతిసారీ మర్నాడు ఫోన్ చేసి, కాదులే, ఆవులించింది, అనేది. ఫోన్ మోగితేనే నాకు భయం పట్టుకుంది. పిల్ల రోజురోజుకీ పెరుగుతోంది, డాక్టరుగారి మాటేమో చెవిలో జోరీగలా తిరుగుతోంది.

మూడో సీసా కొనడానికి వదిన వచ్చిన రోజు ఆవిణ్ణి దిగబెట్టే మిషతో నేనూ వెంట బయల్దేరాను. అన్నయ్యతో గట్టిగా మాట్లాడాలనుకున్నాను. హైదరాబాదు బస్సులో వెళ్ళి చిల్లకల్లు దగ్గర దిగాం. అక్కణ్ణుంచి జగ్గయ్యపేటలోకి ఆటో దొరకాలి. ఎండ మండిపోతోంది. టీ కొట్టు నీడలో నిలబడ్డాం. పిల్ల వదిన చంకలో ఉండి ఆవిడ నల్లపూసలతో ఆడుకుంటోంది.

మా వెనకాలే ఆగబోతున్న లారీ టైరు పేలింది. బాంబు పడ్డట్టే. నేను చెవులు మూసుకుని కూలబడ్డాను. టీ కొట్టతని చేతిలో గ్లాసులు జారి పగిలాయి. చూరు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

ప్రసన్న నల్లపూసలు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటే జరుపుతూ ఉంది. కాసేపటికి తలెత్తి, వణుకుతున్న తల్లి మొహం చూసి, అప్పుడు ఏడుపు మొదలుపెట్టింది.

"వదినా, దానికి వినపడలేదు" అన్నాను.

"తెలుసు" అంది వదిన.

నాకు అర్థం కాలేదు.

"పోయిన ఉగాదికే తెలుసు వాసీ. వంటింట్లో ఇత్తడి బిందె జారి దాని వెనకాలే పడింది. ఇల్లంతా మోగిపోయింది. ఇది తల తిప్పలా. నేనే ఇంకోసారి ఎత్తి పడేసా."

"మరి ఈ తేనెలన్నీ ఎందుకు కొన్నావు?"

"పరీక్ష చేస్తే చెవిటిదని రాసిచ్చేస్తారు. చవక తేనె అయితే, పనిచేయలేదుగా, ఆస్పత్రికి పోదాం పదమనేవారు మీ అన్నయ్య. అంత డబ్బు పోశాక, అయ్యేదాకా చూద్దాంలే అంటారు. ఆ సీసా ఉన్నన్నాళ్ళూ నా పిల్లకి చెవులున్నట్టే కదా."

నాకు ఆవిడ చెంప పగలగొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. "అవి దాని మాటలు నేర్చుకునే నెలలు వదినా! సీసాకిన్నని పోగొట్టావు!" అని నడిరోడ్డు మీద అరిచాను. టీ కొట్టతను గాజుముక్కలు ఏరడం ఆపి మా వైపు చూశాడు.

ఆటో వచ్చి ఆగినా వదిన ఎక్కలేదు. పిల్లని భుజాన వేసుకుని రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళింది. విజయవాడ బస్సు వస్తే చెయ్యెత్తింది. నేను సంచులు పట్టుకుని వెనకే పరిగెత్తి ఎక్కాను.

బస్సు నందిగామ దాటింది. ప్రసన్న వదిన ఒళ్ళో నిలబడి కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తోంది. పరిటాలలో పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం కనబడగానే బస్సులో అందరూ దణ్ణాలు పెట్టుకున్నారు. వదిన పెట్టలేదు. పిల్లని ఎప్పుడూ ఎదురుగా వెళ్ళో, భుజం తట్టో పిలిచే మనిషి, ఈసారి తాకకుండా చేతులు వెనక్కి తీసుకుంది.

"ప్రసన్నా" అని మెల్లిగా పిలిచింది.

కాసేపు ఆగి, "లక్ష్మీప్రసన్నా!" అని గొంతు చించుకుని అరిచింది.

డ్రైవరుతో సహా బస్సంతా తిరిగి చూసింది. పిల్ల మాత్రం వెనక్కి పరిగెడుతున్న చెట్లని చూసి నవ్వుకుంటోంది.