విమానం బొమ్మ ఉన్న కార్డు

పాశమైలారంలోని మందుల ఫ్యాక్టరీలో చేరిన మొదటి నెలలో నేను నేర్చుకున్న పని సంతకం పెట్టడం. కెమిస్ట్రీ డిగ్రీ ఉంది కాబట్టి మందులు తయారయ్యే రియాక్టర్ల దగ్గర నాతో ఏదో గొప్ప పని చేయిస్తారనుకున్నాను. వాళ్ళు నా ముందు ఒక కట్ట కాగితాలు పెట్టారు. ఏ యంత్రాన్ని దేనితో కడగాలో, ఏ బట్టలు వేసుకుని ఏ తలుపులోంచి లోపలికి రావాలో అన్నీ వాటిలో ఉంటాయి. ప్రతి కాగితం చివర 'చదివాను, అర్థమైంది' అని అచ్చు వేసి, పక్కన సంతకానికి గీత. మొదటి రోజు నిజంగానే చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీలో ఉండగా మా షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చి, ఏమైనా పరీక్ష రాస్తున్నావా అని అడిగాడు. ఆ తర్వాత ఒక చాయ్ తాగే లోపల ఎన్ని కాగితాలైనా చదివి అర్థం చేసుకునే స్థాయికి ఎదిగాను.

ఈ విద్య గురించి ముందే చెప్పడం ఎందుకంటే, ఒక మనిషికి రావలసిన రెండు రోజులు దీనివల్లే పోయాయి.

ఆ మనిషి మా షిఫ్ట్‌లో కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటర్. బీహార్‌వాడు, నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. అందరం భయ్యా అనేవాళ్ళం. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా ఆయన చేతులకు సాల్వెంట్ వాసన పోయేది కాదు, ముఖంమీద నవ్వూ పోయేది కాదు. రెండోది చూస్తే నాకు చిరాకేసేది. మా ఫ్యాక్టరీలో ఏడాదికోసారి రియాక్టర్లన్నీ ఆపి మరమ్మతులు చేస్తారు. దాన్ని షట్‌డౌన్ అంటాం. అప్పుడు కాంట్రాక్టువాళ్ళకు నాలుగు రోజుల సెలవు దొరుకుతుంది. అయిదో రోజు పొద్దున గేటు దగ్గర కనిపించకపోతే ఆ చోట ఇంకొకడు కనిపిస్తాడు. సికింద్రాబాద్‌లో రైలెక్కి, దిగి బస్సెక్కి, అదీ దిగి ఇంకేదో ఎక్కి భయ్యా ఊరు చేరడానికి ఒకటిన్నర రోజు, తిరిగి రావడానికి ఒకటిన్నర రోజు. ఇంట్లో ఉండేది ఒక్క రోజు. పోయిన షట్‌డౌన్‌లో ఆ ఒక్క రోజులోనే, అప్పుడే పుట్టిన కూతుర్ని చూసి వచ్చాడు. పిల్ల ఆ రోజంతా నిద్రపోయిందట. విమానమైతే ఆ ఒక్క రోజు మూడు రోజులవుతుంది. ఈ లెక్క ఆయన ఎప్పుడు చేశాడో తెలియదు కానీ, మాకు కార్డులు అమ్మడానికి మనిషి వచ్చేనాటికి ఆయన నోట్లో సిద్ధంగా ఉంది.

ఆ కార్డుల మనిషి వానాకాలం చివర్లో మా గేటు ఎదురుగా ఉన్న చాయ్ దుకాణం దగ్గర దిగాడు. మెడకు టై, బూట్లకు బురద. మా జీతాలు పడే బ్యాంకు తరఫున వచ్చానన్నాడు. కంపెనీలో పర్మినెంట్ అయినవాళ్ళకు ఊరికే క్రెడిట్ కార్డు ఇస్తామన్నాడు. ఆ మధ్యనే పర్మినెంట్ అయిన నేను, ఊరికే అన్న మాట విని దగ్గరికి జరిగాను. అతని దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి ఆకుపచ్చది, పెట్రోల్ చుక్క బొమ్మ. రెండోది నీలం, దాని మీద విమానం. దాంతో ఎంత ఖర్చు పెడితే అన్ని పాయింట్లు, పాయింట్లు పోగైతే విమానం టికెట్టు.

భయ్యా చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పాట్నాకు కూడానా అని ఒక్క మాట అడిగాడు. ఏ ఊరికైనా అన్నాడు టై మనిషి. తర్వాత నా వైపు తిరిగి, నేను ఎక్కువగా దేనికి ఖర్చు పెడతానని అడిగాడు. రుద్రారం అవతల మా ఊరి నుంచి రోజూ బండి మీద వస్తాను కాబట్టి పెట్రోల్‌కు అన్నాను. అది కాకుండా అంటే చాయ్‌కు అన్నాను.

"అయితే ఆకుపచ్చది తీసుకోండి సార్. మీకు అదే సరిపోతుంది."

"ఏందన్నా, మమ్మల్ని జూస్తే పెట్రోల్ పోసుకునేటోళ్ళ లెక్కనే కొడ్తున్నమా? ఇమానం ఎక్కేటోళ్ళ లెక్క కనబడ్తలేమా?"

నా మాటకు చాయ్ దుకాణమంతా నవ్వింది. టై మనిషి కూడా నవ్వి, ఆకుపచ్చ ఫారం సంచిలో పెట్టేసుకున్నాడు. అమ్మడానికి వచ్చినవాడు నిజం చెప్పడం నా జీవితంలో అదొక్కసారే చూశాను. దాన్ని నేను ఒక్క మాటతో తన్ని పంపించాను.

కార్డు నా పేరు మీద, టికెట్టు భయ్యాకు అనుకున్నాం. కుటుంబ సభ్యులకైతే టికెట్టు ఇస్తారట కాబట్టి సమయం వచ్చినప్పుడు ఆయన మా అన్న అని రాయాలి. ఇంట్లో చెబితే, మనకు మిగిలిన ఎకరం పొలంలో వాటా అడగడు కదా అని మాత్రం అడిగాడు మా నాన్న.

నెల తర్వాత కార్డు వచ్చింది, దాంతోపాటు ఒక చిన్న పుస్తకం. చీమలు బారు కట్టినట్టు ఇంగ్లీషు అక్షరాలు, చివరి పేజీలో సంతకానికి గీత. గీత కనిపించగానే నా చెయ్యి తన పని తాను చేసింది. భయ్యా ఆ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు.

"పూరా చదివినవా తమ్మీ?"

"చదివిన భయ్యా, అర్థమైంది."

కార్డు వచ్చాక దాన్ని ఎక్కడ గీకాలన్న సమస్య వచ్చింది. కిరాణా సేటుకు చూపిస్తే అటూ ఇటూ తిప్పి, దీని మీద నీ ఫొటో లేదేమని అడిగాడు. పటాన్‌చెరులో నాకు తెలిసి కార్డు గీకే మిషన్ ఒక బట్టల షాపులో ఉంది, ఒక బంగారం షాపులో ఉంది. మాకు దగ్గరలో ఇస్నాపూర్ చౌరస్తా నుంచి కొంచెం ముందుకు పోతే పెట్రోల్ బంకులో ఉంది. నా ఒక్కడి ఖర్చుతో పాయింట్లు పోగైతే విమానం సికింద్రాబాద్ కూడా దాటదు. అప్పుడు భయ్యాకు ఆలోచన వచ్చింది. షిఫ్ట్‌లో బండ్లున్న వాళ్ళందరూ పెట్రోల్ పోయించుకునేది ఎట్లాగూ ఉంది. వాళ్ళు పైసలు నా చేతికి ఇస్తే, బంకులో నేను కార్డు గీకుతాను. ఎవరికీ నష్టం లేదు, పాయింట్లు మాత్రం మనవి. షిఫ్ట్ మొత్తానికీ అంత తెలివైన మాట అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం సాయంత్రం బంకు ముందు మా షిఫ్ట్ బండ్లు బారులు తీరాయి. ఆ మిషన్ ఫోను తీగ మీద నడుస్తుంది. ఓనరు తన బామ్మర్దితో మాట్లాడుతున్నంతసేపూ దేశంలో ఏ బ్యాంకూ మాకు పలికేది కాదు. భయ్యాకు బండి లేదు. అయినా నడిచి వచ్చి మిషన్ పక్కన నిలబడి, ఒక్కొక్క చీటీనీ సాంపిళ్ళు వేసే ప్లాస్టిక్ కవర్లో దాచేవాడు. చీటీలు అవసరం లేదని చెప్పినా వినలేదు. బోరు ఇంజను డీజిల్‌ను కూడా ఆ కార్డు మీదే డబ్బాలో పోయించుకున్నాడు మావాడొకడు. ఇంకొకడు ట్యాంకు నింపించి, ఇప్పుడు యాడిదాంక వచ్చినవ్ భయ్యా అని అడిగేవాడు. నాగ్‌పూర్ దాటిన అనేవాడు భయ్యా. రెండు వారాల తర్వాత జబల్‌పూర్. పిల్ల పాకుతోందని ఫోనొచ్చిన వారం అలహాబాద్‌లో ఉన్నాడు. నిలబడిందని తెలిసేసరికి పాట్నాలో దిగి, సామాను కోసం చూస్తున్నాడు.

ప్రతి నెలా బ్యాంకు కాగితం వచ్చేది. అందులో నేను చూసేది ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి. పాయింట్ల లెక్క వెనకవైపు ఉంటుందని నాకు తోచలేదు. మా ఫ్యాక్టరీ కాగితాల్లో వెనకవైపు ఏమీ ఉండదు.

ఎండలు ముదిరి షట్‌డౌన్ తేదీలు గోడకు అంటించిన రోజు, చాయ్ దుకాణం వెనక నిలబడి బ్యాంకుకు ఫోన్ చేశాను. భయ్యా చీటీల కవర్ పట్టుకుని పక్కనే ఉన్నాడు. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, నా ఖాతాలో నూట పన్నెండు పాయింట్లున్నాయంది. ఇంకోసారి చూడమన్నాను. ఇంకోసారి కూడా మర్యాదగానే నూట పన్నెండు అంది. మేం పోయించిన పెట్రోల్‌తో బండి మీదే పాట్నా పోయి రావచ్చని చెప్పాను.

"పెట్రోల్‌కు, డీజిల్‌కు ఈ కార్డులో పాయింట్లు రావు సార్. మీ పుస్తకంలో పద్నాలుగో పేజీలో ఉంది."

ఆ నూట పన్నెండూ మా చిన్నాయన కొడుకు పెళ్ళికి నేను కొన్న ప్యాంటు, షర్టువి. వాటికి ఏమొస్తుందని అడిగాను. ప్రస్తుతానికి ఏమీ రాదని, ఇంకొన్ని కలిస్తే తాళంచెవుల గొలుసు వస్తుందని చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. ఆకుపచ్చ కార్డు సంగతి అడగలేదు. అడగకుండానే తెలిసింది. దాంట్లో పెట్రోల్‌కే పాయింట్లు వస్తాయి, విమానం మాత్రం లేదు. అంటే విమానం ఉన్న కార్డుకు పెట్రోల్ పనికిరాదు, పెట్రోల్ పనికొచ్చే కార్డుతో విమానం రాదు. మా షిఫ్ట్‌కు పెట్రోల్ తప్ప వేరే ఖర్చు లేదు. బ్యాంకువాళ్ళు మా ఇళ్ళన్నీ తిరిగి చూసి కార్డులు తయారుచేసినా ఇంతకంటే బాగా కుదరదు.

భయ్యాకు చెప్పాను.

"ఆ మాట పుస్తకంల ఉండెనా?"

"ఉండె."

"నువ్వు చదివిన అన్నవ్ గద తమ్మీ."

"సంతకం పెట్టిన భయ్యా."

ఆయన తల ఊపాడు. రోజూ నాకంటే ఎక్కువ కాగితాలకు ఆయన 'చదివాను, అర్థమైంది' అని సంతకం పెడతాడు. అవన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, ఆయనకు ఇంగ్లీషు రాదు. కాబట్టి ఆ సంతకం ఎట్లా పడుతుందో నేను వివరించవలసిన పని లేకపోయింది. రెండు తిట్లు తిడితే నేను కూడా ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి. ఆయన తిట్టలేదు.

టికెట్టు ఎంతో కనుక్కున్నాను. ఆయన రెండు నెలల జీతానికి పైనే. షిఫ్ట్ అంతా తలా కొంత వేసుకుందామంటే, నేను మాట పూర్తి చేయకముందే వద్దన్నాడు.

"పాయింట్ అయితే ఉత్తగొస్తది. పైసలైతే ఇంటికి పంపాలె."

షట్‌డౌన్ ముందటి సాయంత్రం షిఫ్ట్ దిగి జనరల్ పెట్టెలో పోయాడు. అయిదో రోజు పొద్దున వేళకు గేటు దగ్గర ఉన్నాడు. బట్టలు మార్చుకునే గదిలో ఎవరో, బిడ్డ గుర్తుపట్టిందా అని అడిగారు. ఆయన పైబట్టకు ముడి వేసుకుంటూ చెప్పాడు. మొదట చూసి ఏడ్చిందట. మధ్యాహ్నం దాకా తల్లి చీర వెనక దాక్కుందట. పొద్దు గూకే ముందు వచ్చి ఆయన చేతిలో బిస్కెట్టు తీసుకుందిగానీ ఒళ్ళోకి రాలేదట. తెల్లవారి పిల్ల లేవకముందే ఆయన బస్సుకు బయల్దేరాడు. ముందు రోజు దారిలో స్టేషన్ నుంచి భార్యకు ఫోన్ చేశాడు.

"రెండో దినం లేచి నన్ను దేవులాడిందట తమ్మీ. తలుపెన్క సూసిందట, మంచం కింద సూసిందట."

గదిలో అందరూ అలవాటు ప్రకారం, ఏం జోకు వేస్తానోనని నా వైపు చూశారు. ఏదైనా అందామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే టోపీ పెట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, షట్‌డౌన్ తర్వాత మొదటి బ్యాచ్ రియాక్టర్‌కు ఎక్కించడానికి లోపలికి పోయాడు.