నీళ్లు పోసినప్పుడల్లా జరిగిన అక్షరం

అది 2007. నంద్యాల బస్టాండు దగ్గర నాదొక చిన్న కంప్యూటర్ సర్వీసు షాపు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, చాలాకాలం ఇంకొకరి దగ్గర పనిచేసి, చివరికి ధైర్యం చేసి సొంతంగా పెట్టుకున్నాను. లోపలికి వచ్చినవాళ్లు నన్ను చూసి, "మెకానిక్ లేడామ్మా?" అని అడిగేవాళ్లు. "ఉన్నాడు, చీర కట్టుకున్నాడు" అనేదాన్ని. ఆ మాటకు నవ్వినవాళ్లు చాలామంది నాకు శాశ్వత గిరాకీలయ్యారు. నవ్వకుండా, "అయితే దామ్మా, బస్సుకు టైమయితాండాది" అన్నవాడు మాత్రం ఒక్కడే. ఆళ్లగడ్డ ఓబులేసన్న.

ఆళ్లగడ్డలో రాతిపని ఇళ్లు చాలా ఉన్నాయి. అందరూ విగ్రహాలు చెక్కితే ఓబులేసన్న అక్షరాలు చెక్కేవాడు. శిలాఫలకాలు, గుడికి చందా ఇచ్చినవాళ్ల పేర్లు, సమాధి రాళ్లు. చిన్నప్పటి నుంచి ఉలీ సుత్తీ పట్టి పట్టి ఆయన కుడిచేతి వేళ్లు మొద్దుబారిపోయాయి. సన్న అక్షరం ఇక చేత్తో కొట్టలేనని తేలాక, రాయి మీద అక్షరాలు చెక్కే మిషను తెచ్చుకున్నాడు. ఆ పని కూడా పోతే ఆయనకు వేరే పని రాదు.

ఆ మిషనులో రహస్యమేమీ లేదు. కంప్యూటర్ వెనక పాత ప్రింటర్లకు వాడే ప్యారలల్ పోర్ట్ ఉంటుంది. అందులోంచి కంప్యూటర్ చిన్న చిన్న కరెంటు దెబ్బలు పంపుతుంది. వాటిని పల్స్‌లంటాం. ఒక్కో పల్స్‌కు స్టెప్పర్ మోటరు ఒక్కో పిసరు తిరుగుతుంది. ఆ తిరుగుడుకు వజ్రపు మొన ముల్లు రాయి మీద కదులుతుంది. ఆయన పాత కంప్యూటర్ రాతిదుమ్ము మింగి చచ్చిపోతే, నేను కొత్తది అమర్చి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద పాతదాంట్లో ఉన్న సాఫ్ట్‌వేరే వేసిచ్చాను. కొన్నాళ్లకే ఫోను వచ్చింది.

"సలోమమ్మా, నువ్విచ్చిన డబ్బా రాళ్లు చెడగొడతాండాది. పాతదే మేలుండె."

"ఏమైందన్నా?"

"మొదటి లైను బాగుంటాది. రెండోది పక్కకు జరుగుతాది. మూడోది ఇంగా జరుగుతాది. దేవుని పేరైనా ఎమ్మెల్యే పేరైనా దానికొకటే."

చెడిపోయినవాటిలో ఒకటి దొర్నిపాడు దానియేలు సారు తెచ్చిన సమాధి రాయి. సారు రిటైరైన టీచరు. ఆయన భార్య కూడా టీచరే. ఊళ్లో పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన మనిషి. చర్చివాళ్లు జరిపే ఆమె జ్ఞాపకార్థ కూడిక నాటికి రాయి నిలబెట్టాలని సారు పట్టుదల. మొదటి రాయి వంకరపోయాక ఆయన కోపం చేసుకోలేదు. ఇంకో రాయి తెచ్చి దింపి, "ఆమె పలక మీద గీత వంకరపోయినా ఊరుకునేది కాదు ఓబులేసూ" అన్నాడట. తిట్టి ఉంటే బాగుండేదని ఓబులేసన్న నాతో అన్నాడు.

కంప్యూటర్‌ను షాపుకు తెచ్చుకుని, నా దగ్గరున్న మోటర్లకు కలిపి, ముల్లుకు బదులు పెన్ను కట్టి చార్టుల మీద రాయించాను. లైన్లన్నీ స్కేలు పెట్టినట్టు వచ్చాయి. సంతోషంగా తీసుకెళ్లి ఆళ్లగడ్డలో బిగిస్తే, మళ్లీ అదే వంకర. ఎర్తింగ్ చూశాను, వోల్టేజి చూశాను, మోటర్లు మార్చాను. నాకు విసుగొచ్చింది కానీ ఆయనకు రాలేదు. పెరట్లో ఉన్న పగిలిన రాళ్లన్నీ తెచ్చి నా ముందు వేశాడు.

"వీటి మీద ఎన్ని తప్పులన్నా చెయ్యి. సారు రాయి మీద మాత్రం వద్దు" అన్నాడు.

నన్ను నమ్మి తన పెరడంతా అప్పగించిన మనిషిని ఈ రోజుకూ మరిచిపోలేను. వాళ్లింట్లో వదిన పెట్టిన బొరుగుల ఉగ్గాని తింటూ, చేసేదేం లేక, ఆయన పని చూస్తూ కూర్చున్నాను. అన్న ఒక లైను చెక్కించాడు. మిషన్ను పాజ్‌లో పెట్టాడు. చెంబుతో నీళ్లు పోసి దుమ్ము కడిగాడు. అక్షరాల గాడిలో నీళ్లు నిలబడ్డాయి. వంగి, నీటిమట్టం అన్ని అక్షరాల్లోనూ ఒకేలా ఉందా అని తీరిగ్గా చూశాడు. తర్వాత మళ్లీ నడిపించాడు. కదిలిన ఆ క్షణంలో మోటరు చిన్నగా 'టక్' మంది.

"అన్నా, ఈసారి నీళ్లు పోయొద్దు, ఆపొద్దు" అన్నాను. ఆపకుండా చెక్కితే లైన్లన్నీ తిన్నగా వచ్చాయి. ఆపి కడిగితే జరిగాయి. షాపులో నేనెప్పుడూ మధ్యలో ఆపలేదు, ఆపాల్సిన పనీ నాకు లేదు.

దొంగ దొరికాడనుకున్నాను. "ఇంకేం, నీళ్లు పోయడం మానెయ్యన్నా. అంతా అయినాక ఒకేసారి కడుక్కో" అన్నాను.

ఓబులేసన్న చెంబు కింద పెట్టాడు. "కడక్కుండా లోతు యాడ తెలుస్తాది? లైను లైనుకు చూసుకుంటే తప్పును ఆడికాడికి సర్దుకోవచ్చు. అంతా అయినాక చూస్తే రాయి పారేయాల్సిందే. మా నాయన నేర్పిన పని ఇది. నేను మిషను తెచ్చుకునింది కొట్టేదానికి, చూసేది మానుకునేదానికి కాదు."

"మరి నన్నేం చేయమంటావ్?"

"ఆ డబ్బాకు చెప్పు. నేను చూస్తాండేటప్పుడు బుద్ధిగా ఉండమని."

బస్సులో నంద్యాల వచ్చేదాకా ఆయన్ను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. ఇంత చిన్న సర్దుబాటుకు ఒప్పుకోని మొండి మనిషి అనుకున్నాను. కానీ ఆ మొండితనం వల్లే అసలు ప్రశ్న నా ముందుకు వచ్చింది. ఆయన నీళ్లు పోస్తున్నంతసేపూ కంప్యూటర్ ఏం చేస్తోంది? ఇలాంటి మిషన్లు నడిపేవాళ్లు ఈమెయిళ్లలో మాట్లాడుకునే ఒక మెయిలింగ్ లిస్టులో, నాకొచ్చిన ఇంగ్లిషులో రాసి పెట్టాను. ఏ దేశంవాడో తెలియదు, ఒకాయన జవాబు రాశాడు. ఆగినప్పుడు నీ ప్రాసెసర్‌ను నిద్రపోనిస్తున్నావా అని అడిగాడు. అంతే. ఆ పుణ్యాత్ముడి ముఖం కూడా నాకు తెలియదు.

ఆపరేటింగ్ సిస్టమ్ లోపల అన్నిటి మీదా పెత్తనం చేసే భాగాన్ని కెర్నెల్ అంటారు. కంప్యూటర్‌కు మెదడు లాంటిది ప్రాసెసర్; కొత్త ప్రాసెసర్లలో కెర్నెల్ పొదుపు పాటిస్తుంది. పని తగ్గగానే ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, కునుకు తీయనిస్తుంది. పని రాగానే లేపి వేగం పెంచుతుంది. ఎప్పుడు ఎంత వేగమో తేల్చే నియమానికి గవర్నర్ అని పేరు. మోటర్లకు పల్స్‌లు పంపే పని మాత్రం పక్కదారిలో నడుస్తుంది, కెర్నెల్ లెక్కలోకి రాదు. చెక్కుతున్నంతసేపూ ముల్లు జాడను తెర మీద గీసే పని ఒక్కటే దానికి కనిపిస్తుంది. అందుకే అన్న ఆపి కడుగుతుంటే, ఇంట్లో ఎవరూ లేరనుకుని కెర్నెల్ దీపాలు తగ్గించేది. మళ్లీ నడిపించగానే హడావిడిగా వేగం పెంచేది. ఆ మారే రెప్పపాటులో కొన్ని పల్స్‌లు ఆలస్యమయ్యేవి. ఉత్తరం టైపు చేసుకునేవాడికి ఆ ఆలస్యం తెలియనే తెలియదు. మోటరు మాత్రం అడుగు తప్పేది. అడుగు తప్పిన సంగతి కంప్యూటర్‌కు తెలియదు కాబట్టి, అక్కడి నుంచి అన్నీ పక్కకే. పాత కంప్యూటర్‌కు ఈ పొదుపు రాదు, అందుకే అది మంచిదనిపించుకుంది.

మందు చిన్నదే. గవర్నర్‌ను ఎప్పుడూ పూర్తి వేగంలోనే ఉండేటట్టు మార్చాను. ప్రాసెసర్ కునుకు తీయకుండా, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే ఆజ్ఞ పెట్టాను. కరెంటు కొంచెం ఎక్కువ కాలుతుంది, డబ్బా కొంచెం వేడెక్కుతుంది. దానికి ఇంకో ఫ్యాను బిగించాను. పగిలిన రాళ్ల మీద ఆపి, కడిగి, మళ్లీ ఆపి చూశాం. అక్షరం కదల్లేదు.

సారు రాయి ఎక్కించిన రోజు ఆయనే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి లైను ఆమె పేరు. అన్న ఆపాడు, నీళ్లు పోశాడు, కావాలనే ఎక్కువసేపు చూశాడు. మళ్లీ నడిపించేటప్పుడు నేను మోటరు దగ్గరకు చెవి పెట్టాను. 'టక్' అనలేదు. రెండో లైను మొదటి లైను కిందే సరిగ్గా వచ్చి కూర్చుంది. ఆఖరి లైను కూడా తిన్నగానే వచ్చింది.

"ఇంకోసారి నీళ్లు పొయ్ ఓబులేసూ" అన్నాడు సారు.

అన్న రాయంతా తడిపాడు. అన్ని అక్షరాల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలిచాయి. సారు ఒక్కో అక్షరాన్నీ బళ్లో చదివించినట్టు పెదాలు కదుపుతూ చదివాడు. చదివి, "ఆమె ఒప్పుకునేది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పక్కకు తిరిగి వైర్లు సర్దుకున్నాను.

ఆ తర్వాత ఎన్నో చోట్ల ఎన్నో మిషన్లు బాగుచేశాను. యాడికి పోయినా ముందు మనిషి పనిచేసే తీరు చూస్తాను, ముఖ్యంగా మిషను ఆగి ఉన్నప్పుడు. నీ తీరు మార్చుకో అని మిషను తరఫున మనిషికి చెప్పడం చాలా సులువు. మంచివాళ్లు మొహమాటానికి సరేనంటారు కూడా. ఓబులేసన్న కుదరదన్నాడు. ఆ ఒక్క మాట నాకు ఈ పని నేర్పింది, ఆయనకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను.