ఎడమ చేతి కొలత

మొన్న మా అమ్మాయి ఫోనులో ఒక కుట్టు మిషను చూపించి, కొనమంటావా మానమంటావా అని అడిగింది. ఇంట్లో పెట్టుకునేదే, ఎంబ్రాయిడరీ కూడా చేస్తుందట. చేస్తుందంటే మనం చేయించక్కర్లేదు. బొమ్మ ఎంచుకుని బొత్తాం నొక్కి, పప్పుకి తిరగమోత పెట్టుకుని వచ్చేసరికి నెమలి తయారుగా ఉంటుంది. ఆ వీడియోలో మిషను ముందు కుర్చీ ఖాళీగా ఉంది. రింగులో బిగించిన గుడ్డ తనంతట తాను ఇటూ అటూ జరుగుతోంది, సూది టకటకా దిగుతోంది. "ఎంత బాగుందో చూడమ్మా" అంటుంది మా పిల్ల. నేను ఫోను బోర్లించేశాను. ఆపెయ్యవే అన్నాను. దానికి కోపం వచ్చి, అమ్మకి కొత్తదేదీ నచ్చదని వాళ్లాయనతో చెప్పుకుంది. కొత్తదని కాదు తల్లీ. ఇలాంటిది నేను ఇదివరకే ఒకసారి చూశాను, అదీ కరెంటు లేని ఇంట్లో.

అరవైలు ముగుస్తున్న రోజులు. మాది రాజాం. నాన్న ధాన్యం మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో మామ్మ, అమ్మ, నేను, మా అత్త. అత్త అంటే నాన్న చెల్లెలు. ఆమెను పాలకొండ అవతల పల్లెకి ఇచ్చారు. మొగుడు రెండో మనిషిని తెచ్చుకున్నాక, ఇంట్లో పెళ్లానికి బదులు జీతం లేని కూలీ అయింది. ఒకనాడు ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేసింది. పొలం దమ్ముల్లో, కోతల్లో పనిచేసి చేతులు మగవాడి చేతుల్లా గట్టిపడి ఉండేవి. రెండు చేతులూ ఒకేలా, నిండుగా. నన్ను ఒంటిచేత్తో ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టేది. అక్కడి నుంచి మనుషులు వచ్చి పంపమని అడుగుతూనే ఉండేవారు. పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు: తన తిండి తను సంపాదించుకుంటే పుట్టింట్లో ఉండొచ్చు, లేకపోతే ఉగాది వెళ్లాక పంపెయ్యాలి. అత్త ఆ మాట విని, "అన్నియ్యా, నన్నక్కడికి పంపితే నాను బతకను. బెదిరింపు కాదు, సెప్తన్నానంతే" అంది. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు.

పెళ్లికి ముందు అత్త కుట్టుపని నేర్చుకుంది. కనక మిషను కొనాలన్నారు. కొనే ముందు మా ఇంట్లో జరిగిన చర్చ అంతా ఇంతా కాదు. చేతి మిషను చాలు, చవక అని నాన్న. ఒక చెయ్యి చక్రం తిప్పడానికే పోతే గుడ్డ ఎవరు పట్టుకుంటారు, పువ్వులు ఎలా కుట్టను అని అత్త. అసలు కాలి మిషనే తప్పు అని మామ్మ. "కాలితో తొక్కి కుట్టిన రవిక ఏసుకుని అరసవిల్లి గుడికెల్తావేటే? దేవుడు సూడ్డా?" అంది. మిల్లులో ఆరబోసిన వడ్లు కాళ్లతో తిరగేయట్లేదా అమ్మా అని నాన్న అడిగితే, అందుకే ఆ అన్నం రుచిగా లేదంది. చివరికి ఎంబ్రాయిడరీకి కూడా పనికొచ్చే కాలి మిషనే అని తేలింది. కొత్తది మా తాహతుకి మించిన మాట. బొబ్బిలిలో ఒకావిడ పాతది అమ్ముతోందని మిల్లులో ఎవరో చెబితే, నాన్న, అత్త, నేను బస్సెక్కాం.

అత్త మిషనుని చూసే పద్ధతి నాకు ఇంకా గుర్తే. పాత పంచె ముక్క వెంట తెచ్చుకుంది. ముందు చక్రాన్ని చేత్తో తిప్పి, చెవి దానికి దగ్గరగా పెట్టి విన్నది. తర్వాత ఒక వరస కుట్టి, గుడ్డ తిరగేసి, పైదారం కిందదారం సమంగా పడ్డాయా అని గోటితో గీసి చూసింది. తర్వాత సూది కింద పాదం విప్పేసి, గుడ్డను జరిపే పళ్ల మీద రేకు మూసి, రింగు పెట్టి చిన్న పువ్వు కుట్టింది. ఎంబ్రాయిడరీలో అంతే, మిషను గుడ్డను లాగదు, చెయ్యే తిప్పాలి, చెయ్యి ఎటు పోతే పువ్వు అటు పోతుంది. "బంగారంలాంటి మిషను అన్నియ్యా" అంది అత్త మెల్లగా. అమ్మే ఆవిడ గడపలో కూర్చుని ఆ పువ్వు కేసే చూస్తోంది. నెరిసిన జుట్టు, ఎండిపోయిన మొహం. "మా పాపది అమ్మా ఇది. ఏడాదయింది పోయి. జొరం. పసుపు కుంకాల్తోటే పోయింది" అంది. ఇచ్చేసే ముందు ఒకటే అడిగింది. "మీరేటి కుట్టుకున్నా ముందు దానికో రవిక కుట్టి పెట్టండి. తర్వాత మీ ఇష్టం." అలాగేనమ్మా అని నాన్న బస్సు వేళకి తొందరపడ్డాడు.

మా వైపు ముత్తయిదువుగా పోయిన ఆడదాన్ని పేరంటాలు అంటారు. ఇంట్లో ఏ కొత్త బట్ట వచ్చినా ముందు ఆవిడ పేరున పెట్టి, దండం పెట్టి, ఆ తర్వాత కట్టుకుంటారు. కాబట్టి బొబ్బిలి ఆవిడ కోరిక మా ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు. చిక్కల్లా మామ్మతో వచ్చింది. ఇలాంటి విషయాల్లో ఆమె మాటకు తిరుగులేదు. "పేరంటాలికి కుట్టిన గుడ్డ ఎవులైనా పెడతారేటే? రవికలగుడ్డే పెడతారు. అయినా ఏ కొలతకి కుడతావు, సూసేవా దాన్ని?" అంది. అత్త నసిగింది. అప్పుడు మామ్మ పసుపురంగు రవికలగుడ్డ నాలుగు మూలలా కుంకం పెట్టి, మిషను బల్ల మీద పరిచి, "టైలరమ్మే కదా, ఆవిడే కుట్టుకుంటాదిలే" అంది. అందరం నవ్వాం. అత్త కూడా నవ్వింది.

మర్నాటి నుంచి అత్త ఊరివాళ్ల బట్టలు మొదలుపెట్టింది. మొదటి రవిక రెండోనాటికే తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి పట్టేస్తోంది అన్నారు. అత్త టేపు పెట్టి చూస్తే నిజమే, కుడి చెయ్యి కొలత ప్రకారం ఉంది, ఎడమ చెయ్యి బాగా సన్నం. కుట్లు విప్పి చూస్తే గుడ్డ సరిగానే కత్తిరించి ఉంది. కుట్టే లోపలికి వెళ్లిపోయింది, గీత గీసినట్టు తిన్నగా. మళ్లీ కుట్టింది, మళ్లీ అంతే. తర్వాతది అంతే. పెళ్లివారి రవికలు, బడిపిల్లల జాకెట్లు, అన్నిటికీ ఎడమ చెయ్యి ఒకటే సన్నం. అత్త సుద్దతో గీతలు గీసుకుని, గీత మీదే కళ్లు పెట్టి కుట్టేది. నేను పక్కనే కూర్చుని చూసేదాన్ని. గీత మీదే పోతున్నట్టు కనబడేది. కుట్టు ముగించి తీసి చూస్తే సూది గీత లోపల నడిచి ఉండేది. "నా సెయ్యి నా మాట ఇనడం లేదే" అనేది అత్త. మిషను బాగోలేదని ఊళ్లో అనుకున్నారు, పని రావడం మానేసింది. పాలకొండ వైపు మనిషి ఒకడు వచ్చి అరుగు మీద కూర్చుని, ఉగాది దగ్గరకొస్తోంది కదా అని గుర్తుచేసి, మజ్జిగ తాగి వెళ్లాడు.

ఆ వారంలోనే నాకు గవదలు వచ్చి బడి మానేశాను. ఎండ చుర్రుమంటున్న మధ్యాహ్నం. మామ్మా అమ్మా పెరటివైపు వడియాలు పెడుతున్నారు. అత్త నూతి దగ్గర ఉంది, చేంతాడు చప్పుడు వినబడుతోంది. నేను వసారాలో చాప మీద పడుకుని ఉన్నాను. మిషను చప్పుడు మొదలైంది. అత్త వచ్చేసింది కాబోలు అనుకుని అటు తిరిగాను. ముక్కాలి పీట ఖాళీగా ఉంది. కింద తొక్కుడు పలక మెల్లగా లేస్తూ పడుతోంది, పని తెలిసిన మనిషి తొక్కినట్టు, తొందర లేకుండా. చక్రం తిరుగుతోంది. మామ్మ ఆనాడు పరిస్తే అత్త మడిచి పక్కన పెట్టేసిన పసుపుగుడ్డ సూది కింద ఉంది, వంపు తిరుగుతూ ముందుకు జరుగుతోంది. నూతి దగ్గర చేంతాడు చప్పుడు అప్పటికీ వినబడుతూనే ఉంది.  చాప అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

అత్త తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. నాకు కనబడిందే ఆమెకూ కనబడింది. ఈ మాట నేను ఒట్టేసి చెప్పగలను, ఎందుకంటే ఆమె అరవలేదు, నా వైపు చూడలేదు, ఆ సూది కేసే చూస్తూ ఒకే మాట అంది. "దారం లేదు కదే, పాపం." నిజంగానే సూదిలో దారం లేదు. గుడ్డ మీద వరసగా చిల్లులు పడుతున్నాయి తప్ప కుట్టు పడడం లేదు. ఎన్నాళ్ల నుంచి అలా ప్రయత్నిస్తోందో. అత్త దగ్గరికి వెళ్లగానే పలక ఆగింది. చేతులు చెంగుకి తుడుచుకుని, దారం ఎక్కించి, పీట మీద కూర్చుంది. టేపు ముట్టుకోలేదు, సుద్ద ముట్టుకోలేదు. చిల్లులకి కాస్త ఎడంగా కత్తెర పెట్టి కోసి, ఆ చిల్లుల మీదే కుట్టింది. సాయంత్రానికి రవిక అయింది, మెడ చుట్టూ తెల్లదారంతో పువ్వులతో సహా. అలాంటి పువ్వులు అత్తకి రావు. ఎడమ చెయ్యి కుడిదానిలో సగమే ఉంది.

మరునాడు బొబ్బిలి బస్సులో అత్త ఆ రవికను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బొబ్బిలి ఆవిడ మడత విప్పి, తిన్నగా ఎడమ చేతిలోకి తన వేళ్లు దూర్చింది. "ఆరేళ్లప్పుడు పొయ్యిలో పడిపోయిందమ్మా. ఆ సెయ్యి మరి ఎదగలేదు. పెద్ద సేతుల రవికలు ఏసుకుని కప్పుకునేది, ఎవులికీ తెల్దు. మీకెవులు సెప్పారు?" అత్త తల అడ్డంగా ఊపింది. ఆవిడ చాలాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది, "ఒక్కసారి తొడుక్కుని సూపిస్తావా తల్లీ?" అది అత్తకి పట్టదని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. కాదనలేక లోపలికి వెళ్లింది. బయటికి వచ్చినప్పుడు రవిక ఒంటికి అతికినట్టు ఉంది. ఎడమ చెయ్యి కూడా. ముడత లేదు, బిగువు లేదు. ఆవిడ లేచి వచ్చి ఆ చేతిని మోచెయ్యి నుంచి వేళ్ల దాకా నిమిరి, ఏదో పేరు పెట్టి పిలిచింది. అత్త ఊఁ అంది.

రవిక అక్కడే విప్పి ఇచ్చి వచ్చాం. ఆనాటి నుంచి ఊరివాళ్ల బట్టలకి ఎడమ చెయ్యి ఎప్పుడూ సన్నగా రాలేదు. పని తిరిగి వచ్చింది, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చింది. ఉగాది వెళ్లాక వచ్చిన పాలకొండ మనిషికి అత్త తనే గుమ్మంలో నిలబడి జవాబు చెప్పి పంపింది. ఆమె మరి ఆ అత్తారి గడప తొక్కలేదు. కాకపోతే ఆమె ఎడమ చెయ్యి మాత్రం ఆ బొబ్బిలి ఇంట్లో ఎలా ఉందో అలాగే, కుడిదానిలో సగమై, ఉండిపోయింది. నాన్న శ్రీకాకుళం తీసుకెళ్లి చూపిస్తే, బలం బాగానే ఉంది, నొప్పి లేదు, ఇంక నన్నేం చెయ్యమంటారు అని డాక్టరు విసుక్కున్నాడట. మామ్మ ఆ తర్వాత పూజలో ఎవరి మీదా వేళాకోళం ఆడలేదు. అత్తని అడిగితే మాత్రం, "ఉండనీయే, నాకు బతుకిచ్చింది, నానో సెయ్యి ఇవ్వలేనేటి" అనేది.

అత్త పోయాక ఆమె రవికలు నాకు వచ్చాయి. ముప్పయ్యో యేట కుట్టుకున్నవి, ఒళ్లు వచ్చినప్పుడు కుట్టుకున్నవి, ఆఖర్న చిక్కి సగమయినప్పుడు కుట్టుకున్నవి, అన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి చూశాను. కుడి చెయ్యి ఏళ్లతో పాటు పెరిగింది, తరిగింది, మా అత్తతో పాటే ముసలిదయింది. ఎడమ చెయ్యి అన్నిటికీ ఒకటే కొలత, దానికి ఆ బొబ్బిలి పిల్ల పోయిన వయసు తర్వాత ఒక్క ఏడూ గడవలేదు.